మీకు తెలుసా? గోడకు అటూ ఇటూ ఒకటే ఫోల్డరు

సర్వర్‌లో గట్టిగా వేరుచేసి పెట్టిన కంటైనర్ లోపల ఒక ఫైలును చెరిపేస్తే, బయటున్న అసలు యంత్రంలోనూ అదే క్షణాన అది మాయం కావచ్చని మీకు తెలుసా? అన్ని ఫైళ్లకూ ఇలా జరగదు. అసలు యంత్రం, అంటే హోస్ట్, తన ఫోల్డరును లోపలికి చూపించి ఉంటేనే జరుగుతుంది. అయితే ఏదో ఒక ఫోల్డరును అలా చూపించని సర్వర్లు తక్కువే.

ఒకే యంత్రం మీద వెబ్‌సైటు ఒక కంటైనర్‌లో, డేటాబేసు మరోదానిలో, మెయిలు ఇంకోదానిలో నడుస్తాయి. ఒకదానికి తెగులు పడితే పక్కదానికి అంటకూడదని ఈ ఏర్పాటు. కానీ పూర్తిగా మూసేస్తే పని సాగదు. జనం అప్‌లోడ్ చేసిన ఫొటోలు, సెట్టింగుల ఫైళ్లు, లాగ్‌లు కంటైనర్‌ను పారేసి కొత్తది పెట్టినా మిగలాలి. అందుకని హోస్ట్‌లోని ఫోల్డరునే లోపల ఒకచోట మౌంట్ చేస్తారు. ఇక్కడ కాపీ అనేదే లేదు. ఒకటే ఫోల్డరు, చేరే దారులు రెండు.

సోమశిల ఒడ్డున నిలబడితే ఈ సంగతి కంటికే కనబడుతుంది. నెల్లూరు జిల్లాలో పెన్నా మీదున్న సోమశిల కాదు, నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలో కృష్ణ ఒడ్డునున్న సోమశిల. ఎదురుగా పరుచుకున్నది శ్రీశైలం జలాశయం వెనుక జలాలు. ఇటు ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు తోడేదీ, అటు పోతిరెడ్డిపాడు గేట్ల నుంచి కాలువలోకి దిగేదీ ఆ నీరే. ఏ ఒడ్డున తోడినా మట్టం రెండు వైపులా తగ్గుతుంది. పంచుకున్న ఫోల్డరు తీరూ అదే.

ఆ నీటి కింద ఇంకో విషయం ఉంది. అవతలి ఒడ్డున, నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు మునిగే ఉంటుంది. ఎండాకాలం మట్టం పడిపోయాక బయటపడుతుంది. అప్పటికే ఫైళ్లున్న ఫోల్డరు మీద మరో ఫోల్డరును మౌంట్ చేసినా ఇలాగే అవుతుంది. కింది ఫైళ్లు కనబడకుండా పోతాయి. కానీ చెడవు, డిస్కులో వాటి చోటునూ వదలవు. మౌంట్ తీసేయగానే ఎక్కడివక్కడ తేలతాయి. ఫైళ్లు పోయాయని కంగారుపడి పాత బ్యాకప్‌ను పైన కుమ్మరించేముందు, ఆ చోట ఏదైనా మౌంట్ అయి ఉందేమో చూడండి. కొన్నిసార్లు నష్టం జరిగేది ఆ కంగారు వల్లే.

లింకు పెడితే సరిపోదా?

చాలామందికి మొదట తోచే ఉపాయం సింబాలిక్ లింకు. కంటైనర్ ఫోల్డరులో ఒక లింకు పెట్టి, హోస్ట్‌లోని ఫొటోల ఫోల్డరు దారిని అందులో రాస్తే చాలదా అనుకుంటారు. చాలదు. లింకులో ఉండేది దారి పేరు మాత్రమే. దాన్ని హోస్ట్ చదివితే నడక హోస్ట్ రూట్ (అన్నిటికీ పైనున్న ఫోల్డరు) నుంచి మొదలవుతుంది, కంటైనర్ చదివితే కంటైనర్ రూట్ నుంచి. లోపల ఆ దారిలో ఏమీ లేకపోతే ఫైలు లేదనే జవాబు వస్తుంది. అదే పేరుతో లోపల వేరే ఫోల్డరు ఉంటే ఇంకా చిక్కు, చడీచప్పుడు లేకుండా అదే తెరుచుకుంటుంది. ఒకే లింకుకు చదివేవారిని బట్టి గమ్యం మారుతుందన్న ఈ సంగతి గుర్తుంచుకోండి. 2018లో దీనివల్లనే పెద్ద గండం వచ్చింది, కింద చెబుతాను. పోనీ హార్డ్ లింకు పెడదామంటే ఫోల్డర్లకు లైనక్స్ దాన్ని ఒప్పుకోదు.

అసలు ఈ వేరు రూట్ అనే ఆలోచన కంటైనర్ల కంటే ఎంతో పాతది. 1979 నాటి యూనిక్స్ 7వ వెర్షన్‌లోనే సీహెచ్‌రూట్ ఉంది. 2000 మార్చిలో ఫ్రీబీఎస్‌డీ 4.0తో పౌల్-హెన్నింగ్ క్యాంప్ రాసిన జైల్స్ వచ్చాయి, 2005లో సొలారిస్ 10తో జోన్స్ వచ్చాయి. వేరుచేసిన ప్రతిచోటా పంచుకునే కిటికీ కూడా పెట్టుకోవలసి వచ్చింది. ఫ్రీబీఎస్‌డీలో దాన్ని నల్ఎఫ్ఎస్ అంటారు, సొలారిస్‌లో ఎల్ఓఎఫ్ఎస్. లైనక్స్‌లో బైండ్ మౌంట్, 2001 జనవరిలో విడుదలైన 2.4 కర్నెల్ నుంచి. ఇవాళ కంటైనర్లను నడిపే డాకర్, కుబర్నెటీస్ వాడేదీ దాన్నే.

ఫైలు మార్చినా లోపల పాతదే!

సెట్టింగుల ఫైలు ఒక్కటే లోపలికి చూపించారు. హోస్ట్‌లో ఎడిటర్‌తో తెరిచి ఒక లైను మార్చి సేవ్ చేశారు. కంటైనర్‌లో చూస్తే పాత లైనే ఉంది. ఎడిటర్లు చాలావరకు పాత ఫైలులోనే రాయవు. పక్కన కొత్త ఫైలు రాసి, దానికి పాత పేరు పెట్టేస్తాయి. కరెంటు పోయినా సగం రాసిన ఫైలు మిగలకూడదన్న జాగ్రత్త అది. పేరు ఒకటే అయినా దాని వెనకున్న ఐనోడ్, అంటే డిస్కులో ఫైలు అసలు గుర్తింపు, మారిపోయింది. బైండ్ మౌంట్ పట్టుకున్నది పేరును కాదు, పాత ఐనోడ్‌ను. పాత ఫైలుకు బయట పేరు పోయింది, లోపల మాత్రం బతికే ఉంది. కంటైనర్‌ను మళ్లీ మొదలుపెడితే కొత్తది కనబడుతుంది కాబట్టి ఏమిటో దానంతటదే బాగుపడిందనుకుని వదిలేస్తారు. కారణం తెలిస్తే మందు తేలిక. ఫైలును కాక, అది ఉన్న ఫోల్డరును పంచండి.

ఇదే సూత్రం ఫోల్డరుకూ వర్తిస్తుంది. హోస్ట్‌లో ఆ ఫోల్డరు పేరు మార్చినా కంటైనర్‌కు తేడా తెలియదు, పని సాగిపోతుంది. అదే దాన్ని చెరిపి అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే, లోపలివారికి మిగిలేది చనిపోయిన పాత ఖాళీ ఫోల్డరే.

ఒకే డిస్కు, అయినా గంటలు

ఒకే డిస్కులోని రెండు ఫోల్డర్లను కంటైనర్‌కు వేర్వేరుగా మౌంట్ చేసి, ఒకదానిలోంచి రెండోదానికి పెద్ద వీడియో ఫైలును జరపండి. క్షణంలో కావలసింది చాలాసేపు పడుతుంది. డిస్కు ఒకటే అయినా మౌంట్లు రెండు కాబట్టి లైనక్స్ పేరు మార్పుకు ఒప్పుకోదు. దాంతో జరపడం కాస్తా మొత్తం కాపీ చేసి పాతది చెరపడంగా మారుతుంది. రెండింటికీ పైనున్న ఫోల్డరును ఒక్కసారే మౌంట్ చేస్తే ఈ బాధ ఉండదు.

చదవడానికి మాత్రమే అన్నాం, కానీ...

పంచేటప్పుడు ‘రీడ్ ఓన్లీ’ అని రాసే అలవాటు ఉన్నవారిని నేను గౌరవిస్తాను. ఆ ఒక్క మాట ఆపే ప్రమాదాలు అన్నీ ఇన్నీ కావు. అయితే ఆ మాట నిజం కావడానికి లైనక్స్‌కు ఎన్నేళ్లు పట్టిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. బైండ్ మౌంట్ 2001లో వచ్చింది. ఒకే ఫోల్డరును హోస్ట్‌కు రాసుకునేలా, లోపలివారికి చదవడానికి మాత్రమే ఉండేలా పెట్టగలిగింది 2008 జులైలో వచ్చిన 2.6.26 కర్నెల్‌తో. అప్పటిదాకా ఆ గుర్తు మొత్తం ఫైల్ సిస్టమ్‌కే ఉండేది, ఒక్కో మౌంట్‌కు విడిగా ఉండేది కాదు. మౌంట్ చేస్తూ రీడ్ ఓన్లీ అని అడిగినా కర్నెల్ కిక్కురుమనకుండా దాన్ని పక్కన పెట్టేది. దీన్ని సరిచేయడానికి ఐబీఎంకు చెందిన డేవ్ హాన్సెన్, కర్నెల్‌లో డిస్కు మీద రాతకు దారితీసే ప్రతి చోటుకూ వెళ్లి, ఈ మౌంట్ ద్వారా రాయవచ్చా అని ముందు అడిగేలా చేయవలసి వచ్చింది. బయటికి చిన్న మార్పు, లోపల ఊరంతా తిరిగిన పని.

అప్పటికీ పూర్తికాలేదు. పంచిన ఫోల్డరు లోపల మరో డిస్కు మౌంట్ అయి ఉందనుకోండి. పై ఫోల్డరు చదవడానికి మాత్రమే అన్నా, లోపలి డిస్కు మీద రాయడం సాధ్యమయ్యేది. మొత్తం చెట్టుకు ఒకేసారి ఆంక్ష పెట్టే మౌంట్-సెట్ఆట్ర్ అనే సిస్టమ్ కాల్ 2021 ఏప్రిల్ నాటి 5.12 కర్నెల్‌తో వచ్చింది. డాకర్ దాన్ని అప్రమేయంగా వాడుకోవడం 2024 జనవరిలో విడుదలైన 25వ వెర్షన్ నుంచి. మీ సర్వర్‌లో అంతకంటే పాత డాకర్ ఉంటే, రీడ్ ఓన్లీ అని పంచిన ఫోల్డర్ల కింద వేరే డిస్కులు ఉన్నాయేమో ఇవాళే చూసుకోండి.

ఫైలు యజమానికి పేరు లేదు, నంబరే

డిస్కు మీద ఫైలు యజమాని పేరు రాసి ఉండదు, 1000 లాంటి నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక కంటైనర్‌కు వేరు, హోస్ట్‌కు వేరు. లోపల డేటాబేసు ఖాతా నంబరు 999 అనుకోండి. హోస్ట్‌లో 999 పూర్తిగా వేరే సేవకు చెంది ఉండవచ్చు. ఆ ఫైళ్లన్నీ హోస్ట్‌లో ఆ సేవ సొత్తుగా కనబడతాయి. నిజంగా దాని సొత్తే అవుతాయి కూడా.

2013 ఫిబ్రవరిలో 3.8 కర్నెల్‌తో యూజర్ నేమ్‌స్పేస్‌లు పూర్తి రూపానికి వచ్చాక, లోపలి రూట్ ఖాతాకు, అంటే 0కు, బయట 100000 లాంటి పనికిరాని నంబరు కేటాయించడం సాధ్యమైంది. సాధారణంగా ఒక్కో కంటైనర్‌కు 65,536 నంబర్ల వరుస ఇస్తారు. లోపల ఎంత రాజైనా బయట మామూలు మనిషే అన్నమాట. భద్రతకు ఇంతకంటే మంచి మార్పు ఈ రంగంలో నాకు తోచదు. కానీ ఫోల్డర్లు పంచుకునేవారికి కొత్త తలనొప్పి మొదలైంది. హోస్ట్‌లో 1000 నంబరు వ్యక్తి ఫైళ్లు లోపల ‘నోబడీ’ సొత్తుగా కనబడతాయి, రాయడానికి వీలుండదు. విసిగిపోయి 777 పర్మిషన్ ఇచ్చేసేవారు ఎందరో. దయచేసి ఆ పని చేయకండి. అది యంత్రంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ ఫోల్డరును రాసివ్వడమే. పైన చెప్పిన 5.12 కర్నెల్‌లోనే క్రిస్టియన్ బ్రౌనర్ చేర్చిన ఐడీ-మ్యాప్డ్ మౌంట్లతో, డిస్కు మీద ఏమీ మార్చకుండా, ఆ ఒక్క మౌంట్ ద్వారా చూసినప్పుడు మాత్రం నంబర్లు సరిపోయేలా చేయవచ్చు.

2010, ఒటావా, రెండు పేర్లు

ఇంతవరకూ చెప్పింది కంటైనర్ల సంగతి. వాటికీ హోస్ట్‌కూ కర్నెల్ ఒకటే కాబట్టి ఫోల్డరును చూపడం తేలిక. వర్చువల్ మెషీన్‌కు అయితే సొంత కర్నెల్ ఉంటుంది. హోస్ట్ ఐనోడ్ అంటే దానికి అర్థమే కాదు. 2010కి ముందు చాలామంది ఏం చేసేవారంటే, ఒకే యంత్రం లోపల ఉన్న రెండింటి మధ్య నెట్‌వర్క్ ఉన్నట్టు నటింపజేసి, దాని మీద ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్ నడిపేవారు. పక్కనే ఉన్న ఫైలు టీసీపీ పొట్లాలుగా మారి, ఊరు తిరిగి, మళ్లీ అక్కడికే చేరేది.

2010 జులైలో ఒటావాలో జరిగిన లైనక్స్ సింపోజియంలో దీనికి జవాబుగా విర్ట్ఎఫ్ఎస్ అనే పత్రం వెలువడింది. రాసినవారు నలుగురు, అందరూ అప్పట్లో ఐబీఎంలో పనిచేసినవారే. ఎరిక్ వాన్ హెన్స్‌బర్గన్, ఆంథొనీ లిగోరి, వారితోపాటు వెంకటేశ్వరరావు జుజ్జూరి, బదరి పులవర్తి. మొదటి రచయితగా ఉన్నది వెంకటేశ్వరరావు పేరు. ఆ చివరి రెండు పేర్లూ మన హాజరు పట్టీల్లో వినబడేవే. కర్నెల్, వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూ లాంటి ప్రపంచపు పునాది రాళ్ల మీద ఇలాంటి పేర్లున్నాయని మన పిల్లలకు చెప్పేవారు తక్కువ. అందుకే ఈ ముక్క కొంచెం గట్టిగా చెబుతున్నాను.

వారు చేసిందేమిటి? బెల్ ల్యాబ్స్‌లో ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పుట్టిన 9పీ అనే సంభాషణ పద్ధతిని తీసుకున్నారు. నెట్‌వర్క్ అనే నటనను తీసేసి, హోస్ట్‌కూ వర్చువల్ మెషీన్‌కూ మధ్య విర్టియో అనే మెమరీ దారి మీద ఆ సందేశాలను నడిపారు. ఈ దారిలో నడు, తెరువు, చదువు, వదిలేయి అన్నవే ఆ సందేశాలు. ఆ ఏడాదే క్యూఈఎంయూ 0.13లో ఇది చేరింది.

నాకు బాగా నచ్చేది అందులోని భద్రతా పద్ధతి. వర్చువల్ మెషీన్ లోపలివారు ఒక ఫైలును రూట్ సొత్తుగా మార్చారనుకోండి. ‘మ్యాప్డ్’ పద్ధతిలో హోస్ట్ నిజంగా ఆ మార్పు చేయదు. లోపలివారు అడిగిన యజమాని నంబరును ఫైలుకు తగిలించిన అదనపు గుర్తుల్లో రాసి పెడుతుంది, లోపలికి చూపేటప్పుడు దాన్నే చూపుతుంది. లోపల సింబాలిక్ లింకు సృష్టిస్తే హోస్ట్ డిస్కు మీద అది మామూలు ఫైలుగా పడి ఉంటుంది. హోస్ట్ పొరపాటున ఆ లింకును పట్టుకుని నడిచే అవకాశమే లేదు.

ఈ 9పీని మీరూ వాడి ఉండవచ్చు. విండోస్‌లో లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2లో సీ డ్రైవు లోపల కనబడేది 9పీ ద్వారానే. వేలకొద్దీ చిన్న ఫైళ్లున్న ప్రాజెక్టును సీ డ్రైవులో పెట్టి లైనక్స్ వైపు నుంచి నడిపితే నెమ్మదించడానికి కారణం ప్రతి ఫైలుకూ ఈ సందేశాలు అటూ ఇటూ తిరగడమే. ఆ ప్రాజెక్టును లైనక్స్ వైపే ఉంచమని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుంది. 2019 నవంబరులో 5.4 కర్నెల్‌తో వచ్చిన విర్టియో-ఎఫ్ఎస్ 9పీ బదులు ఫ్యూజ్ పద్ధతిని వాడుకుని ఈ వేగం సమస్యను చాలావరకు తగ్గించింది.

2018 గండం

ఇప్పుడు లింకు సంగతికి వద్దాం. కుబర్నెటీస్‌లో పంచిన ఫోల్డరు మొత్తం కాక, దాని లోపలి ఒక చిన్న ఫోల్డరును మాత్రమే కంటైనర్‌కు చూపే సదుపాయం ఉంది. దాడి చేసేవాడు ఏం చేయగలడంటే, మొదట తనకు రాయడానికి ఇచ్చిన ఫోల్డరులో ఒక సింబాలిక్ లింకు పెడతాడు, గమ్యం రూట్ అని. లోపలి నుంచి చూస్తే అది కంటైనర్ రూటే, ప్రమాదం లేదు. తరువాత ఆ లింకు పేరునే చిన్న ఫోల్డరుగా చూపమని అడుగుతాడు. ఈసారి ఆ దారిని చదివేది హోస్ట్ మీద నడిచే కుబ్‌లెట్ అనే కుబర్నెటీస్ ప్రోగ్రాం. దానికి రూట్ అంటే హోస్ట్ రూట్. దాంతో మొత్తం యంత్రం లోపలికి మౌంట్ అయిపోతుంది. 2018 మార్చిలో బయటపెట్టి సరిచేసిన ఈ లోపం నంబరు సీవీఈ-2017-1002101. ఇలాంటి దారి మళ్లింపులను కర్నెల్ స్థాయిలోనే ఆపేందుకు అలెక్సా సరాయ్ రాసిన ఓపెన్ఎట్2 అనే సిస్టమ్ కాల్ 2020 మార్చిలో 5.6తో వచ్చింది. ఇచ్చిన ఫోల్డరు దాటి ఏ లింకూ బయటికి పోకుండా చూడమని దానికి చెప్పవచ్చు.

ఇంతకంటే తేలికైన దారి ఒకటుంది, దానికి లోపమూ అక్కర్లేదు. డాకర్‌తో మాట్లాడే సాకెట్ ఫైలును కంటైనర్‌కు పంచడం. ఒక్క ఫైలే కదా అనిపిస్తుంది. దాని ద్వారా లోపలివారు డాకర్‌ను అడిగి, హోస్ట్ రూట్ మొత్తాన్ని మౌంట్ చేసుకున్న కొత్త కంటైనర్‌ను పుట్టించగలరు. రీడ్ ఓన్లీ అని రాసినా ఉపయోగం లేదు, సాకెట్‌తో మాట్లాడడానికి అది అడ్డురాదు.

చిన్నవి, చకచకా

డాకర్‌లో పొట్టి ‘వీ’ గుర్తుతో ఫోల్డరు పంచేటప్పుడు దారిలో అక్షరం తప్పితే, ఆ తప్పు పేరుతో హోస్ట్‌లో ఖాళీ ఫోల్డరు పుడుతుంది, తప్పు జరిగిందనే సంగతే తెలియదు. ‘మౌంట్’ గుర్తు వాడితే తప్పు చూపి ఆగిపోతుంది. రెండోదే వాడండి.

కంటైనర్ నడుస్తుండగా హోస్ట్‌కు యూఎస్‌బీ డిస్కు పెట్టి, పంచిన ఫోల్డరు కిందే మౌంట్ చేసినా అది లోపల కనబడదు. డాకర్ మౌంట్లను అప్రమేయంగా ‘ప్రైవేట్’గా ఉంచడం వల్ల ఇలా జరుగుతుంది. బయటి మార్పులు లోపలికి రావాలి కానీ లోపలివి బయటికి పోకూడదు అంటే ‘స్లేవ్’ అనే పద్ధతి ఉంది. ఈ ఏర్పాటును 2006 జనవరి నాటి 2.6.15 కర్నెల్‌కు తెచ్చినవారిలో రామ్ పాయ్ ఒకరు.

ఎస్ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ ఉన్న యంత్రంలో ఫోల్డరు పంచేటప్పుడు పెద్ద ‘జెడ్’ గుర్తు చేరిస్తే ఆ ఫోల్డరులోని ప్రతి ఫైలు లేబులూ ఆ ఒక్క కంటైనర్ కోసం మారిపోతుంది. పొరపాటున హోమ్ ఫోల్డరు మీదో, యూఎస్ఆర్ మీదో ఈ గుర్తు పెడితే హోస్టే పనిచేయకుండా పోవచ్చని డాకర్ పత్రాలే హెచ్చరిస్తున్నాయి.

ఇంకొకటి. కంటైనర్ లోపలివారికి హోస్ట్ దారులు తెలియవని చాలామంది నమ్మకం. ప్రతి ప్రాసెస్‌కూ ప్రోక్ ఫోల్డరు కింద మౌంట్ఇన్ఫో అనే పట్టిక ఉంటుంది. అందులో ఒక్కో వరుసలో నాలుగో గడి చదవండి. బైండ్ మౌంట్ అయితే, అది హోస్ట్ ఫైల్ సిస్టమ్‌లో ఏ ఫోల్డరు నుంచి వచ్చిందో అక్కడ ఉంటుంది, ఆ దారిలో ఖాతా పేరు ఉంటే దానితో సహా. ఆరో గడిలో ‘ఆర్‌ఓ’ అనో ‘ఆర్‌డబ్ల్యూ’ అనో ఉంటుంది. మీ కంటైనర్‌లోకి వెళ్లి ఒకసారి ఆ పట్టిక తెరవండి. ‘ఆర్‌డబ్ల్యూ’ అని ఉన్న ప్రతి హోస్ట్ ఫోల్డరు దగ్గరా ఆగి, లోపలి ప్రోగ్రాం అక్కడ నిజంగా ఏమైనా రాస్తోందా అని చూడండి. రాయని వాటిని చదవడానికి మాత్రమే అని మార్చి, కంటైనర్‌ను మళ్లీ మొదలుపెట్టండి.